సుట్టాల బింద

వైద్య కళాశాలలో నాకు సీటు రాలేదు. దానివల్ల జిల్లాలో కొన్ని ప్రాణాలు నిలబడ్డాయని మా ఇంట్లో వాళ్లు అనేవారు. రసాయన శాస్త్రంలో బీయెస్సీ అయిందనిపించి మిర్యాలగూడలో మా ఇంటి అరుగు మీద కూర్చుని ఉండగా, పట్నంలోని వైద్య కళాశాల నుంచి ఒక ప్రొఫెసరుగారు ఏదో పరిశోధన మీద మా వైపు వస్తున్నారనీ, నీళ్లు పరీక్ష చేయడం తెలిసిన మనిషి కావాలనీ కబురొచ్చింది. కళాశాల గుమ్మం ఎక్కే యోగ్యత లేకపోయినా దాని సీసాలు మోసే యోగ్యత ఉందన్నమాట. చేరిపోయాను.

అది నవాబు రాజ్యం పోయి సర్కారు మారిన తర్వాత వచ్చిన మొదటి ఎండాకాలం. రోడ్ల మీద మిలిటరీ లారీలు తిరుగుతున్నాయి. పల్లెలో కొత్త మనిషి కనిపిస్తే వాడు సర్కారు తరఫో దళాల తరఫో ముందు తేల్చుకునేవారు, మంచినీళ్లు తర్వాత. సంచినిండా ఖాళీ సీసాలతో తిరిగే వాడు ఎవరి తరఫో తేల్చడం ఇంకా కష్టం. నేను నీళ్ల తరఫు అని చెబితే ఎవరూ నవ్వలేదు. రెండు ఊళ్లు తిరిగాక చెప్పడం మానేశాను.

పరిశోధన ఏమిటంటే, మెట్ట ఊళ్లలో కొన్నింట ఒక రోగం ఉంది. ముప్పై ఏళ్లు దాటేసరికి మనిషి నడుము బిగుసుకుంటుంది. మెడ తిరగదు. వెనక నుంచి పిలిస్తే మొత్తం మనిషి గానుగలా తిరిగి చూడాలి. పిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలు. ఊళ్లో వాళ్లు దానికి పేరు కూడా పెట్టలేదు, ఎముకల్ని బొక్కలంటారు కనుక బొక్కల నొప్పులు అంటారు, అంతే. ఇది తాగే నీళ్లలో ఉండే ఫ్లోరైడు అనే పదార్థం వల్ల అయి ఉంటుందని ప్రొఫెసరుగారి అనుమానం. వేరే రాష్ట్రాల్లో డాక్టర్లు అప్పటికే అలాంటిది గమనించారట. రుజువు చేయడానికి ఆయన పథకం చాలా తేలిక. తిరుమలగిరి అవతల రోగం ఉన్న ఒక మెట్ట ఊరి నీళ్లు తేవాలి. మిర్యాలగూడ వైపు రోగం లేని వరి ఊళ్ల నీళ్లు తేవాలి. రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. తేడా ఉంటే దోషం నీళ్లది. తేడా లేకపోతే నీళ్లు నిర్దోషి, దోషం రక్తంలో వెతకాలి. రక్తంలో అంటే బయటికి చెప్పుకోలేని ఆ సుఖరోగం ఎముకలకు దిగిందని అర్థం. అప్పట్లో దానికి పాషాణం కలిసిన సూదిమందు ఒకటి ఉండేది.

బయలుదేరే ముందు ప్రొఫెసరుగారు నన్ను నిలబెట్టి ఒక్క మాట చెప్పారు.

"నీళ్లు నీ చేత్తో నువ్వు తోడు. ఇంకొకరు తోడి ఇస్తే తీసుకోకు. సీసా మీద 'స్వయంగా తోడితిని' అని రాసి సంతకం పెట్టు. నాకు నీళ్లు తెలియవు, నీ సంతకమే తెలుసు."

వేములపల్లిలో, మాడుగులపల్లిలో ఈ ఆజ్ఞ పాటించడం సులువయింది. యాసంగి కోతల రోజులు. నన్ను పలకరించే తీరిక ఎవరికీ లేదు. కల్లంలో ఒకాయనను బావి ఎక్కడని అడిగితే తల ఎత్తకుండానే, "గాడ గనవడ్తలేదా? తోడుకో పో, బొక్కెన జారిడిస్తె మల్ల నువ్వే దిగాలె" అన్నాడు. చేతులు బొబ్బలెక్కేదాకా తోడుకున్నాను. ఆ సంతకాలన్నీ నిజాయితీగా పెట్టినవే.

మెట్ట ఊరు వేరు. బండి దిగేసరికి వేపచెట్టు కింద మంచం వేసి, దాని మీద కొత్త గొంగడి పరిచి ఉంది. శిస్తు వసూలు చేసే మాలీ పటేలు నా రాక సంగతి ముందు రోజే ఊరంతా చెప్పించాడట. ఒక గొర్రెలకాపరి ఇంటి నుంచి ఒకావిడ చల్లముంతతో వచ్చింది, వెనకాలే ఇత్తడి చెంబులో నీళ్లు. నేను సీసాలు తీసి బావి ఎక్కడ అని లేవబోతే ఆమె సంచి నా చేతిలోంచి లాగేసుకుంది.

"మీరు తోడుడేంది సారూ, మేం సచ్చినమా?" అంది.

ఆ ప్రశ్నకు మర్యాదైన జవాబు నాకు తోచలేదు. ఆ రోజు ఎండ కూడా కొంచెం ఎక్కువగానే ఉంది. చల్ల తాగాను, నీళ్లు తాగాను, మీ ఊరి నీళ్లు భలే తియ్యగా ఉన్నాయన్నాను. చుట్టూ చేరిన వాళ్ల ముఖాలు వెలిగిపోయాయి. మధ్యాహ్నమంతా కునుకు తీసి కళ్లు తెరిచేసరికి ఆరు సీసాలూ నిండి ఉన్నాయి. గొంగడి మీద పడుకునే ఆరు చీటీల మీద 'స్వయంగా తోడితిని' అని రాసి సంతకం పెట్టాను. రాత అంత బాగా రాలేదు, మంచం కాస్త ఊగుతోంది.

సూర్యాపేటలో మా మకాం ఊరి బయట ఒక కిరాయి బంగళా. వరండాలో నా గాజు గొట్టాలు, లోపల గదిలో ప్రొఫెసరుగారి రోగుల బల్ల. ఆయన మనుషుల్ని చూస్తారు, నేను నీళ్లను చూస్తాను. పరీక్ష పెద్ద కష్టం కాదు. నీళ్లలో ఒక ఎర్ర రంగు మందు వేసి గంటసేపు నీడన ఉంచాలి. నీళ్లు మంచివైతే గులాబీ రంగు అలాగే నిలుస్తుంది. ఫ్లోరైడు ఉంటే ఎంత ఉంటే అంత పసుపుకు తిరుగుతుంది. వేములపల్లి నీళ్లు గులాబీ. మాడుగులపల్లి నీళ్లు గులాబీ. మెట్ట ఊరి ఆరు సీసాలూ గులాబీ.

ప్రొఫెసరుగారు మళ్లీ చేయమన్నారు. చేశాను. గులాబీ. ఆ రోజు ఆయన అన్నం సరిగ్గా తినలేదు. ఒక మనిషి రెండేళ్లుగా పెంచుకున్న అనుమానం ఆరు గొట్టాల్లో పోయింది. నేను ఓదార్చబోయి, "పోనీలెండి సార్, నీళ్లు మంచివని తేలింది, ఊరి వాళ్లకు మంచిదే కదా" అన్నాను. ఆయన నన్ను చూసిన చూపులో ఓదార్పు పొందిన ఛాయలేవీ కనిపించలేదు.

రోగుల రక్తం పట్నం పంపించారు గానీ దారిలో ఎండకు పాడైపోయిందని జవాబొచ్చింది. మళ్లీ పంపించి, జవాబొచ్చేదాకా ఆగే గడువు ఆయన సెలవు చీటీలో లేదు. అయిదుగురికి ఆరు వారాలు ఆ సూదిమందు ఇచ్చి చూద్దామని ఆయన నిర్ణయించారు. మందు బెజవాడ నుంచి కోదాడ దాకా వస్తుంది, అక్కడి నుంచి తెచ్చే పని నాది. జాబితాలో మొదటి పేరు నాకు చల్ల ఇచ్చిన ఆవిడ భర్తది. ముప్పై అయిదేళ్లుంటాయేమో. పడుకున్నవాడు లేవాలంటే దూలానికి కట్టిన తాడు పట్టుకోవాలి. గొర్రెల వెంట ఇప్పుడు భార్య పోతోంది. అంతకు ముందు చలికాలంలో అతనికి కామెర్లు వచ్చి తగ్గాయి. ఇది కాగితం మీద రాసింది నేనే.

"కామెర్లు వచ్చినవాడికి ఈ మందు ఇవ్వొచ్చా సార్?" అని ఊరికే అడిగాను.

"కొందరికి పడదు," అన్నారు ప్రొఫెసరుగారు. "అందుకే తక్కువతో మొదలు పెడతాం."

"పడకపోతే?"

"కాలేయం పోతుంది. అందుకే వేరే కారణం ఏదీ లేదని రూఢి చేసుకోకుండా ఇవ్వకూడదు. రూఢి చేసుకున్నాం కదా, నువ్వే కదా చేశావు."

అవును, నేనే చేశాను. ఆ రాత్రి నిద్ర బాగానే పట్టింది. మనిషికి తెలియకపోవడంలో ఉన్న సుఖం అది.

గురువారం పొద్దున కోదాడ బస్సెక్కాను. బొగ్గుతో నడిచే బస్సు. ఎత్తు వచ్చినప్పుడల్లా మేం దిగితే తప్ప అది ఎక్కేది కాదు, కాబట్టి కొంత దూరం బస్సులో, కొంత దూరం బస్సు వెంట ప్రయాణం చేశాను. కోదాడలో బస్సు ఏజెంటు అట్టపెట్టె చేతికిస్తూ, "జాగర్తండీ, గాజు సరుకని చెప్పారు. మీ డాక్టరుగారికి నా నమస్కారం చెప్పండి, మా ఆవిడకి కీళ్లనొప్పులండీ, పనిలో పని ఓ సూది ఇక్కడికి పంపిస్తారేమో అడగండి" అన్నాడు. ఇది మీ ఆవిడకు ఇచ్చే మందు కాదండీ అన్నాను. ఆయన నా వైపు అనుమానంగా చూశాడు, దాచుకుంటున్నానని.

తిరుగు దారిలో తనిఖీ నాకా దగ్గర మిలిటరీ హవల్దారు పెట్టె విప్పించాడు. లోపల దూదిలో చిన్న గాజుబుడ్లు, ప్రతి దాంట్లో పసుపు పొడి, పైన ఎర్ర అక్షరాల్లో విషం అన్న హెచ్చరిక. అతనికి తెలుగు రాదు, నాకు వచ్చిన ఉర్దూ పరీక్ష గట్టెక్కినంత.

"విషమా?" అన్నాడు.

"డాక్టరు చేతిలో మందు."

"నీ చేతిలో?"

"నా చేతిలో సామాను" అన్నాను. అక్కడ ఆగి ఉంటే బాగుండేది. "తినడానికి కాదు, పొడవడానికి" అని కూడా అన్నాను.

అతను తుపాకీ ఉన్న ఇంకో మనిషిని పిలిచాడు. నన్ను రేకుల షెడ్డులో బల్ల మీద కూర్చోబెట్టారు. ఎవరిని పొడవడానికి, ఎందరిని, ఎవరు పంపారు, ఏ ఊరి వాళ్లు, ఆ ఊళ్లో ఎవరెవరిని ఎరుగుదువు. ఒక్కో ప్రశ్న మూడుసార్లు అడిగారు. నా పక్కన ఇంకో మనిషి కూర్చుని ఉన్నాడు. అతన్ని ఎందుకు పట్టుకున్నారో అతనికి తెలియదు, నన్ను ఎందుకు పట్టుకున్నారో నాకు తెలుసు, ఇద్దరి గతీ ఒకటే. మధ్యలో ఎవరో లారీ దిగి వచ్చి అతన్ని తీసుకుపోయారు. ఆ తర్వాత బల్ల మీద చాలా చోటు మిగిలింది, కానీ నేను జరగలేదు.

నా దగ్గర ప్రొఫెసరుగారి ఉత్తరం ఉంది. అది చదవగల అధికారి రావడానికి రెండు గంటలు పట్టింది. ఆయన చదివి, బుడ్డి ఒకటి వెలుతురులో తిప్పి చూసి, పోనిమ్మన్నాడు. ఆ రెండు గంటలూ నేను హవల్దారును తిట్టుకుంటూనే ఉన్నాను, అక్కడ రోగులు కాచుకుని ఉంటారని. తర్వాత లెక్క చూసుకుంటే మా పరిశోధన బృందం మొత్తం మీద ఆ రోజు మంచి పని చేసింది అతనొక్కడే.

సూర్యాపేట చేరేసరికి పొద్దు పడమరకు తిరిగింది. బంగళా ఆవరణలో బండి ఒకటి విప్పి ఉంది. దాని మీద గడ్డి పరుచుకుని కాపరి వెల్లకిలా పడుకుని ఉన్నాడు, పక్కన భార్య. మిగతా నలుగురూ గోడ నీడన కూర్చున్నారు. లోపల పంపు స్టవ్వు చప్పుడు వినిపిస్తోంది, సూదులు ఉడుకుతున్నాయి. కంపౌండరు సాబు వచ్చి పెట్టె నా చేతుల్లోంచి తీసుకున్నాడు. ఆయన పెద్దవాడు, రాజ్యం మారిన దగ్గర్నుంచి చాలా తక్కువ మాట్లాడేవాడు.

"జల్దీ రావొద్దా బాబూ. పొద్దుగాల నుంచి కూసున్నరు ఆళ్లు" అని మాత్రం అని లోపలికి పోయాడు.

నోట్లో దుమ్ము తప్ప తడి లేదు. బండి కింద మట్టికడవ కనిపించింది. అమ్మా కాసిన్ని నీళ్లు పొయ్యి అన్నాను. ఆవిడ ముంత ముంచింది గానీ నాకు ఇవ్వలేదు. మొగుడి వైపు చూసింది. అతను తల తిప్పలేడు కనుక ఆకాశం వైపు చూస్తూనే అరిచాడు.

"ఏయ్, గా నీళ్లు సారుకు పోస్తవా? బుద్దున్నదా నీకు?"

"ఏం నీళ్లయితే ఏం, పొయ్యండి" అన్నాను.

"గవి మా బాయి నీళ్లు సారూ" అందావిడ. "ఈయనకు ఊరి నీళ్లు తప్ప పడయి. ఏడికి వోయినా మా కడవ మా ఎంబడే. మీరు తాగేటియి గావు, ఉప్పగుంటయి. పప్పు గూడ ఉడ్కది."

"మొన్న మీ ఊళ్లో తాగాను కదా, తియ్యగా ఉన్నాయే?"

ఆవిడ నవ్వింది. మొదటిసారి నవ్వడం చూశాను, పళ్ల మీద చారలు కనిపించాయి.

"గవా? గవి వాగు నీళ్లు. రెండు కోసులు వొయ్యి ఇసుకల చెలిమె తీసి తోడుకొని తెచ్చినం. మా ఊర్లె ఇంటింటికి సుట్టాల బింద ఉంటది సారూ. సుట్టం వొస్తడంటె తెల్లారక ముందే ఆడోళ్లం లేశి వాగుకు వోతం. సుట్టానికి ఉప్పునీళ్లు పోస్తె ఇంక మా గడప ఎవరు తొక్కుతరు? పోరగాళ్లు గా బింద ముట్టుకుంటె సెయ్యి ఇరగ్గొడ్త."

మాట్లాడుతూనే ఆవిడ ముంత నా చేతిలో పెట్టింది. నీళ్లు తాగలేదు.

"సీసాల్లో పోసినవి?" అన్నాను.

"ఏ సీసలు?"

"నా సీసాలు. ఆరు సీసాలు."

"అవ్వి గూడ గవే. మల్ల?" నా ప్రశ్న ఆమెకు వింతగా ఉంది. "పట్నం డాక్టర్లు సూస్తరంటిరి. పట్నం వొయ్యే నీళ్లు మంచియి పొయ్యొద్దా? గా సీసల కోసం నా తోటికోడలు ఇంకో మారు వొయ్యొచ్చింది, పాదాలు కాలినయి. ఎందుకు సారూ, పట్నంల మంచిగ లేవన్నరా?"

మంచిగనే ఉన్నయన్నరు అన్నాను.

అప్పుడు నేను చేసిన పని ఏమీ లేదు. అది నిజాయితీగా చెప్పాలి. ముంత పట్టుకుని అక్కడే నిలబడ్డాను. మా ఊళ్లో అరుగు, దాని మీద మళ్లీ నేను, అటు పోయేవాళ్లంతా ఉద్యోగం ఏమైందని అడగడం, ఇవన్నీ వరసగా కనిపించాయి. ఆరు సంతకాలు కనిపించాయి. ఇంకో ఆలోచన కూడా వచ్చింది, అది ఇంకా సిగ్గుచేటు. కొందరికే పడదు కదా, అందరికీ కాదు కదా అనుకున్నాను. ఆ మాట లోపల పూర్తిగా అనుకునేలోపే కంపౌండరు సాబు, ఇంకొకతను వచ్చి కాపరిని చంకల కింద పట్టి దించి లోపలికి తీసుకుపోయారు. అతను కర్రలా, వంగకుండా పోయాడు. గుమ్మం దగ్గర మాత్రం ఉత్సాహంగా, "ఏ రెక్కకు పొడుస్తరు సాబూ? కుడి రెక్క నొప్పెక్కువ" అంటున్నాడు.

నేను వెనకాలే పోయాను. ముంత ఇంకా చేతిలోనే ఉంది.

గదిలో అతన్ని బల్ల మీద పడుకోబెట్టి కంపౌండరు మోచేతి మడత దగ్గర స్పిరిటు రుద్దుతున్నాడు. ప్రొఫెసరుగారు బుడ్డి మెడ విరిచి, పొడిని నీళ్లలో కలుపుతున్నారు. ద్రావకం నిమ్మపండు రంగులో ఉంది. ఆ మందు కలిపితే వెంటనే ఇవ్వాలి, ఆలస్యమైతే అదే విషమవుతుంది. ఆయన సిరంజిలోకి లాగారు.

"సార్, ఆగండి" అన్నాను.

"ఇప్పుడు కాదు."

"ఆ ఊరి నీళ్లు నేను తోడలేదు."

ఆయన సిరంజి పైకెత్తి గాలి బుడగ తీస్తున్నారు. తీయడం ఆపలేదు.

"ఎన్ని సీసాలు?"

"ఆరూ."

"సంతకాలు?"

"ఆరూ నావే."

అప్పుడు నా వైపు చూశారు. నేను ఆవిడ చెప్పిందంతా చెప్పాను. సుట్టాల బింద, వాగు, రెండు కోసులు, అంటే నాలుగు మైళ్లు. చెబుతుంటే నాకే అది సాకులా వినిపించింది. కంపౌండరు దూది కాపరి చేతి మీద అలాగే ఆగిపోయింది.

"ఇవి అసలు నీళ్లు" అని ముంత చూపించాను. "గంట ఇవ్వండి."

"గంట నేనివ్వగలను" అన్నారు ఆయన. "ఇది ఇవ్వలేదు." సిరంజి వైపు చూశారు. ఆ బుడ్లు ఎన్ని ఉత్తరాలు రాస్తే వచ్చాయో నాకు తెలుసు, ఆ ఉత్తరాలకు నకళ్లు తీసింది నేనే. ఆయన అటూ ఇటూ నడవలేదు, గొంతు పెంచలేదు. చేతులు కడుక్కునే తొట్టి దగ్గరికి పోయి సిరంజి మొత్తం అందులోకి వదిలేశారు. తర్వాత చేతులు కడుక్కున్నారు. చాలాసేపు కడుక్కున్నారు.

బల్ల మీది మనిషికి మాత్రం జరిగింది ఒక్కటే అర్థమైంది.

"ఏంది సాబూ, నా మందు పారవోస్తిరి?"

తర్వాత కళ్లు నా వైపు తిప్పాడు.

"సారూ, ఏమన్నవ్ ఆయనతోని? నేనేం జేసిన నీకు? తెల్లారక ముందు బయలెల్లినం. బండి మీద బొక్కలన్ని ఊసిపోయినయి. నా ఇంట్ల చల్ల తాగినవ్ గదా నువ్వు?"

వరండాలోకి వచ్చి గొట్టాలు సర్దాను. మొదటి గొట్టం కంపౌండరు సాబు పట్టుకున్నాడు. ముంతలో నీళ్లు కొలిచి పోసి, ఎర్ర మందు వేసి, నీడన పెట్టాను. పక్కనే వేములపల్లి సీసా నీళ్లు కూడా ఒక గొట్టంలో పోసి పెట్టాను. ఇక గంట ఆగాలి. గంట అంటే ఎంతసేపో నాకు ఆ రోజు తెలిసింది. లోపల నుంచి కాపరి తిట్లు వినిపిస్తున్నాయి. తిట్టడంలో అతని నడుము బిగుసుకుపోలేదు. ఆవిడ వరండా మెట్టు మీద కూర్చుని నన్ను కాకుండా గొట్టాలనే చూస్తోంది. నేను చేసింది పొరపాటు కాకుండా పోవాలని ఒక పక్క, పొరపాటే అయి ఉండాలని ఇంకో పక్క కోరుకుంటూ కూర్చున్నాను. నీళ్లు గులాబీగానే ఉండిపోతే నేను ఒక మందు పారబోయించిన బుద్ధిహీనుణ్ణి. పసుపైతే ఒక మనిషిని చంపబోయిన బుద్ధిహీనుణ్ణి. మూడో దారి లేదు.

గంట నిండక ముందే ఆవిడ అంది, "ఒకటి తెల్లవడ్తున్నది సారూ."

తెల్లబడలేదు. పసుపుకు తిరుగుతోంది. వేములపల్లి గొట్టం గులాబీగానే నిలబడింది, మెట్ట ఊరి గొట్టం రంగు పోల్చుకునే మా కొలత గొట్టాల్లో చివరిదాన్ని కూడా దాటి పసుపైంది. ప్రొఫెసరుగారిని పిలిచాను. ఆయన కళ్లద్దాలు తీసి, పెట్టి, మళ్లీ తీసి చూశారు.

"సగానికి సగం మంచినీళ్లు కలిపి మళ్లీ చెయ్."

చేశాను. ఇంకో గంట. అప్పటికీ పసుపే. తను మొదట అనుకున్నదే నిజమైందని ఆయన ముఖంలో సంతోషం కోసం వెతికాను. ఉంది, లేకపోలేదు. కానీ దాని మీద ఇంకేదో ఉంది. "అయిదుగురు" అన్నారు మెల్లగా, నాతో కాదు. తర్వాత నాతో, "రేపు పొద్దున ఆ ఊరు పోతున్నావు. నేనూ వస్తున్నాను. నీ ఉద్యోగం సంగతి తర్వాత" అన్నారు.

తర్వాత ఆయన కాపరి దగ్గరికి పోయి కూర్చున్నారు. మందు అవసరం లేదనీ, రోగం బావి నీళ్ల నుంచి వచ్చిందనీ, ఆ నీళ్లు మానేయడమే మందు అనీ ఓపిగ్గా చెప్పారు.

"నీళ్లా?" అన్నాడు కాపరి. "నా తాత తాగిండు, నా అయ్య తాగిండు."

"మీ నాయన నడుము ఎలా ఉండేది?"

అతని చెయ్యి తన మెడ మీదికి పోయింది. "నీళ్లు మారిస్తె నా మెడ తిరుగుతదా?"

ప్రొఫెసరుగారికి అబద్ధం చెప్పే అలవాటు లేదు. ఆ పూటకు ఉంటే బాగుండుననిపించింది.

"ఇంక ముదరకుండా ఉంటుంది."

"గంతేనా?" అన్నాడు అతను. "గీ మాటకోసమా నా సూది పారవోసింది?" అని ముఖం తిప్పుకోబోయాడు. తిప్పుకోలేక కళ్లు మూసుకున్నాడు.

భార్య గుమ్మంలో నిలబడి అంతా వింది. ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. నేరుగా ప్రొఫెసరుగారినే అడిగింది.

"గీయన ఒక్కనికేనా సాబూ, పోరగాళ్లకు గూడనా?"

"పిల్లలకే ముందు."

"మేం ఎనిమిది మందిమి. వాగు రెండు కోసులు. సుట్టానికంటె నెలకొక్క మారు. దినాం అంటె..." వేళ్ల మీద ఏదో లెక్క కట్టింది, మధ్యలో వదిలేసింది. "ఎన్ని దినాలు?"

"ఎప్పటికీ" అన్నారు ఆయన. "నేను సర్కారుకు రాస్తాను. వేరే నీళ్లు ఇప్పించమని."

"రాస్తె ఎన్నడొస్తయి?"

ప్రొఫెసరుగారు పెద్ద పెద్ద సభల్లో ప్రశ్నలకు జవాబులిచ్చిన మనిషి. కళ్లద్దాలు తుడుచుకున్నారు. మా పరిశోధనకు ఫలితం వచ్చింది, అది నేరుగా ఆవిడ నెత్తి మీదికి ఎక్కింది.

ఆవిడ బయటికి పోయి బండి కింద కడవ తీసింది. మిగిలిన నీళ్లు ఆవరణలో ఒంపేసింది. లోపల నుంచి చప్పుడు విన్న కాపరి, "ఓసేయ్, తొవ్వల ఏం తాగాలె?" అని అరిచాడు. ఆవిడ ఖాళీ కడవ చంకనెత్తుకుని నా దగ్గరికి వచ్చింది.

"ఈ బంగ్ల బాయి నీళ్లెట్లుంటయి సారూ?"

"మేం అందరం తాగుతున్నాం. మంచివే."

"మీరు తాగేటియి అన్నీ మంచియే అంటరు" అంది. "గా రంగు సీసల పొయ్యి. నేను సూస్త."

ఆ బావి నీళ్లు మేం అప్పటిదాకా పరీక్ష చేయలేదు. నెల రోజులుగా తాగుతున్నాం. ఆ మాట ప్రొఫెసరుగారూ నేనూ ఒకరికొకరు చెప్పుకోలేదు. నేను తోడాను, ఆవిడ బావి గిలక దగ్గరే నిలబడి బొక్కెన పైకి వచ్చేదాకా చూసింది. గొట్టంలో పోశాను, ఎర్ర మందు వేశాను. గంట ఆగాలమ్మా అన్నాను. ఆగుత అంది. మిగతా నలుగురూ లేచి వచ్చి మెట్ల మీద కూర్చున్నారు. వాళ్లను బండెక్కించుకుపోయే మనిషి చీకటి పడుతోందని గొణిగాడు. చీకటి పడితే దారిలో మిలిటరీ వాళ్లు ఆపుతారు. ఆవిడ కదలలేదు. లాంతరు తెప్పించి గొట్టం వెనక పెట్టించింది.

గంటకు గులాబీగానే ఉంది. ఆవిడ ఇంకాసేపు చూసింది, మారుతుందేమోనని. తర్వాత కడవ నింపుకుంది, మూతికి గుడ్డ కట్టింది, బండిలో మొగుడి తల పక్కన గడ్డిలో కుదురుగా పెట్టుకుంది. అతను ఆ నీళ్లు తాగనని అన్నాడు. తాగుతవ్ తియ్యి అంది.

ఎనిమిది మందికి ఒక కడవ. మర్నాడు మధ్యాహ్నానికి అది అయిపోయి ఉంటుంది. ఆ తర్వాత ఆవిడ ఎన్నిసార్లు వాగుకు పోయిందో మా నివేదికలో లేదు. నివేదికలో నీళ్ల సంగతి మాత్రం ఉంది, చాలా వివరంగా ఉంది.